చేపమందు, ఇన్‌హేలర్: తప్పెవరిది?

మృగశిర కార్తె వస్తే చాలు, నాంపల్లి ఎగ్జిబిషన్‌ మైదానం ఉబ్బసం రోగులతో నిండిపోతుంది. బత్తిని కుటుంబం చేపమందు ఇచ్చేది అక్కడే. 1845 నుంచీ ఇస్తున్నామంటారు వాళ్లు. రెండు మూడంగుళాల బతికున్న కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చ ముద్ద కూరి, చేపను రోగి గొంతులో వేస్తారు. అది గిలగిలలాడుతూ పోయి కఫాన్ని ఊడ్చేస్తుందని నమ్మకం. కానీ మింగినది పోయేది పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. శాకాహారులకైతే అదే ముద్ద బెల్లంలో పెట్టి ఇస్తారు. మరి అక్కడ ఊడ్చేదెవరో!

ఇన్‌హేలర్‌ మందు నేరుగా శ్వాసనాళాలకే వెళ్తుంది, సరిగ్గా పీలిస్తేనే. డబ్బా ఊపాలి, ఊపిరంతా వదలాలి, నొక్కుతూనే మెల్లగా లోపలికి లాగాలి, పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్‌ అయితే ఆ తర్వాత నోరు పుక్కిలించాలి. కిటకిటలాడే ఓపీలో ఇదంతా చేసి చూపించే తీరిక ఎవరికుంది? చీటీ చేతికొస్తుంది, మందులషాపువాడు డబ్బా కవర్లో వేసిస్తాడు. నొక్కిన మందులో చాలాభాగం నాలుక మీదే ఆగిపోతుంది. చేపమందు దగ్గర అలా కాదు, నోరు తెరిపించి మింగించేదాకా మనిషి పక్కనే ఉంటాడు. ఈ ఒక్క విషయంలో మైదానమే మెరుగు.

రెండింటిలోనూ గుణం కనబడకపోతే నింద రోగి మీదికే వస్తుంది. అక్కడ "నలభై అయిదు రోజుల పథ్యం తప్పావు" అంటారు, ఇక్కడ "సరిగా పీల్చడం లేదు" అంటారు. వినడానికి ఒకేలా ఉన్నా, రెండో మాటను తేల్చుకోవచ్చు. డాక్టరు "ఏదీ, నా ముందు పీల్చు" అనవచ్చు. మందుకు ముందూ తర్వాతా స్పైరోమెట్రీలో ఊదించి అంకెలు చూడవచ్చు. పథ్యం ఏ పూట తప్పిందో ఎవరు తేలుస్తారు? ముద్దలో ఏముందో ఆ కుటుంబం బయటపెట్టదు. పైగా వరసగా మూడేళ్లు రమ్మంటారు. ఉబ్బసమా, దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. తగ్గిన నెలలో ఏది మింగితే పేరు దానికే. జేబులో ఇన్‌హేలర్‌ పెట్టుకుని క్యూలో నిలబడ్డవాడికి నయమైనా ఘనత చేపకే.

"ఇన్‌హేలర్‌ అలవాటైపోతుంది" అన్న భయం మన ఇళ్లలో ఎటూ ఉన్నదే. చేప మింగాక ఆ భయానికి ధైర్యం తోడవుతుంది, రోజూ పీల్చే స్టెరాయిడ్‌ మూలన పడుతుంది. ఆయాసం లేదు కదా అనుకుంటారు గానీ శ్వాసనాళాల్లో వాపు లోలోపల పెరుగుతూనే ఉంటుంది. అది బయటపడేది ఏ అర్ధరాత్రో పిల్లికూతలు మొదలైనప్పుడు, డబ్బా ఎక్కడ పెట్టామో ఇంట్లో ఎవరికీ గుర్తులేనప్పుడు.