జుర్రేటి ఒడ్డు పాట

అమెరికాకు వలస వచ్చిన ఇంగ్లీషువాళ్లకూ అక్కడి ఆదివాసులకూ పోరు నడిచిన రోజుల్లో, చెర కథలు ఒక సాహిత్యంగానే ఎదిగాయి. 1676లో ఆదివాసులకు చిక్కి, అడవులూ నదులూ దాటుతూ పదకొండు వారాలు వాళ్ల వెంట నడిచిన మేరీ రోలండ్‌సన్ ఆ కథను తానే రాసుకుంది. 1682లో అచ్చయింది. అక్కడ బందీ చేతిలో కలం ఉంది. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు మా రేనాడులో మాత్రం కలం చెరపట్టినవాళ్ల చేతిలోనే ఉంది. మనవైపు మాట పాటలో మిగిలింది.

ఆళ్లగడ్డ దగ్గరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నొసం పాలెగాడు జయరామిరెడ్డి మనవడు. తాతకు వచ్చే భరణాన్ని ఆయన తర్వాత మనవడికి ఇవ్వబోమంది ఈస్టిండియా కంపెనీ. 1846లో నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. వడ్డే ఓబన్న, గోసాయి వెంకన్న, బోయలు, చెంచులు వెంట నిలిచారు. దొరలు ఆయన కుటుంబాన్ని కడపలో బంధించారు. అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో ఆయనా చిక్కాడు. 1847 ఫిబ్రవరి 22న జుర్రేరు ఒడ్డున ఉరి తీశారు.

ఈ కథను తందాన పాటగా చెప్పే తీరు చూడాలి. తంబుర మీటుతూ ముందు కథకుడు, గుమ్మెట వాయిస్తూ పక్కన వంతలు. కథకుడు చరణం ఎత్తుకుంటాడు, వంతలు తందాన అని అందుకుంటారు. వినేవాళ్లకు అది ఊపు. పాడేవాడికి మాత్రం తర్వాతి చరణం గుర్తు తెచ్చుకునే వ్యవధి. అక్షరం రాని గాయకుడు రాత్రంతా సాగే కథను గుండెలో మోయగలగడానికి సగం గుట్టు అక్కడే ఉంది. నడుమ ఒక వంత, 'ఖజానా ఎందుకు కొట్టినాడన్నా?' అని అడుగుతాడు. కథకుడు పాట ఆపి, మామూలు మాటల్లో విప్పి చెబుతాడు. మళ్లీ గుమ్మెట మోగుతుంది.

ఆడవాళ్లు ఇదే కథను కోలాటంలో పాడతారు. లయ చెదిరే మాట పడితే కోల తప్పుతుంది, అందుకే పాట తేలిగ్గా చెడదు.

తేదీలకు కచేరీ కాగితమే ఆధారం, ఒప్పుకుంటాను. పాటలో సైన్యాలు పెరుగుతాయి, శత్రువులు వేలవుతారు. అయితే కాగితం బందిపోటు అని రాసిన మనిషికి పాట పేరు నిలిపింది, ఆయన పక్కన ఓబన్ననూ నిలిపింది. తంగిరాల వెంకటసుబ్బారావు ఈ గాథలను సేకరించి 'రేనాటి సూర్యచంద్రులు' రాశారు. 2019లో నరసింహారెడ్డి మీద సినిమా వచ్చేదాకా చాలామంది తెలుగువాళ్లకు ఆయన పేరే తెలియదు. రేనాటి పల్లెల్లో మాత్రం ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేకపోయింది.

ఉరి తీశాక ఆయన తలను కోవెలకుంట్ల కోటకు వేలాడదీశారు. 1877 దాకా, ముప్పై ఏళ్లు, అది అక్కడే ఉంది. జనం భయపడాలని పెట్టిన ఆ తల కిందుగానే ఆ జనమే సంతకు పోయి, ఇంటికొచ్చి, పిల్లలకు ఆయన పాట నేర్పారు.