గుల్లకాపురపు చేపలు - వాని ఛాయాచిత్రములు: ఒక విమర్శ

చేపల పెంపకమును గురించిన గ్రంథములలోను, ప్రదర్శనలలోను, ఇటీవల ప్రతివారి చేతిలోని ఫోనులలోను, నత్తగుల్లలలో కాపురముండు సిక్లిడ్ చేపల ఛాయాచిత్రములు విరివిగా కనబడుచున్నవి. నల్లని వెనుకతెర, మెఱయు కన్ను, నీలిచాయ తిరుగు వాజములు, ప్రక్కన ఒక గుల్ల - ఇది వాని సామాన్యరూపము. చూచుటకు ముచ్చటగా నుండును. కాని ముచ్చటగా నుండుట ఒక గుణము. ఉన్నది ఉన్నట్లు చెప్పుట వేఱొక గుణము. విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచునపుడు రెండవదానికే అగ్రస్థానము. ఆ కొలతతో ఈ చిత్రముల మంచిచెడ్డలను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇది వట్టి అభిరుచికి సంబంధించిన తగవు కాదు. కోటగిరిలోనో బోధనులోనో చదువుకొను విద్యార్థి ఆఫ్రికాకు పోయి అచటి సరస్సు అడుగుభాగమును చూడగల అవకాశము అరుదు. వానికి ఆ చిత్రమే సరస్సు. చేపలను పెంచ బూనుకొన్నవానికి చిత్రమే పాఠము కూడ. గాజుకుండలో ఒంటరిచేపను, దాని ప్రక్కన ఒక గవ్వను చూపిన చిత్రమును నమ్మి ఆ విధముగనే అమర్చినచో నష్టపడునది చేప.

ముందుగా ఈ చేపలేవో చూతము. సిక్లిడ్ కుటుంబము మనకు క్రొత్తది కాదు. కొల్లేటిలోను, కోస్తా ఉప్పుటేళ్లలోను దొరకు ఎట్రోప్లస్ సూరటెన్సిస్ ఈ కుటుంబములోనిదే. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియాయు నిట్టిదే. గుల్లలలో నివసించువానికి మాత్రము ప్రధానస్థానము తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. దాని పొడవు సుమారు 670 కిలోమీటర్లు, గరిష్ఠపు లోతు సుమారు 1,470 మీటర్లు. నీటి క్షారగుణము పి.హెచ్. 9కి దగ్గరగా నుండును. నియోథౌమా అను నత్త చచ్చిన పిమ్మట దాని గుల్ల సున్నపుపాలు గల ఆ నీటిలో త్వరగా కరగిపోదు. అందుచే సరస్సు అడుగున కొన్నిచోట్ల గుల్లలు పఱుపువలె పేరుకొని యున్నవి. రాళ్లు లేని బయలునేలపై చిన్నచేపకు ఆ గుల్లయే కోట, ఆ గుల్లయే పురిటిగది.

ఈ చేపలలో మిక్కిలి చిన్నది 1906లో బులెంజరు వర్ణించిన మల్టీఫాసియాటస్. పెద్ద మగచేపయు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. ఇవి గుంపులుగా నుండి, నోటితో ఇసుకను తోడి పోయుచు, పూడిన గుల్లలను బయటపెట్టుకొనును. ఆడుచేప గుల్ల లోపలిగోడకు గ్రుడ్లంటించును. పిల్లలు ఆ గుల్లచుట్టునే పెరుగును.

ఇక విమర్శకు వత్తము. సామాన్యముగా కనబడు చిత్రములలో నాకు మూడు లోపములు తోచుచున్నవి.

మొదటిది, పరిసరమును తొలగించుట. చేప స్పష్టముగా కనబడవలెనని కొందరు దానిని రెండు గాజుపలకల నడుమ ఇఱుకైన తొట్టిలో నిలిపి చిత్రము తీయుదురు. భయపడిన క్షణముననే గుల్లలో దూరుట ఈ చేప స్వభావము. దూరుటకు గుల్లయే లేనిచోట నిలిపిన చేప తన స్వభావమును చూపజాలదు. పైగా సిక్లిడ్ల చర్మమునందలి రంగుకణములు నాడుల అదుపులో నుండుటచే భయము కలిగిన కొలది సేపటిలోనే చారలు ముదురుటయు వెలియుటయు జరుగును. కావున అట్టి చిత్రములోని రంగు ఆ జాతి రంగో, ఆ చేప భయమో చెప్పుట కష్టము. ఇసుక లేని తొట్టి చిత్రముల విషయమును ఇట్టిదే. ఇసుక తోడుట ఈ చేపకు నిత్యకృత్యము. ఇసుక తీసివేసి చేపను చూపుట మగ్గము తీసివేసి సాలెవానిని చూపినట్లు.

రెండవది, గుల్లను అలంకారముగా భావించుట. గవ్వలు, ముండ్లుగల సముద్రపు శంఖములు చిత్రమునకు శోభ నిచ్చునేమో గాని, గవ్వ నోరు సన్నని చీలిక. అందులో ఏ చేపయు కాపురముండలేదు. మన పొలములలోని పైలా నత్తగుల్ల ఇంతకంటె ఎంతో మేలు. నిజాంసాగరు కాలువల క్రింది వరిమళ్లలో నత్త చచ్చి ఎండిన గుల్లలు గట్లవెంట దొరకును. అవి గుండ్రముగా, వెడల్పయిన నోటితో, పరిమాణమున నియోథౌమాకు దగ్గరగా నుండును. బాగుగా ఉడికించి, కడిగి వాడవచ్చును. కాని చిత్రము క్రింద అది పైలా గుల్ల యని వ్రాయవలెను. లేనిచో చూచువాడు టాంగన్యీకాలో పైలా నత్తలున్నవని నేర్చుకొనును. మాఱుగా ఒక వస్తువును వాడుట తప్పు కాదు. మాఱును మఱుగుపఱచుట తప్పు.

మూడవది, గుర్తింపునకు వలసిన భాగమును పాడుచేయుట. 1992లో బ్యూషరు వర్ణించిన సిమిలిస్ అను చేప చూపునకు మల్టీఫాసియాటస్‌ను పోలియుండును. సిమిలిస్‌కు చారలు తలపైకి కూడ వ్యాపించును. రెండవదానికి మొప్పల మూత వెనుకనే ఆగును. తలభాగము మసకబారిన చిత్రము ఎంత అందమైనదైనను జాతిని నిర్ణయింపజాలదు. నేటి ఫోనులు చిత్రమును తమంత తామే నునుపుచేసి, పదునుపెట్టి, రంగు లెక్కించి చూపుచున్నవి. సన్నని చారల విషయమున ఈ సహాయము అపకారముగా పరిణమింపవచ్చును.

ఈ లోపములకు కారణము కొంత పరికరములలోను, కొంత తొందరలోను ఉన్నది. గాజునకు ఏటవాలుగా కెమేరా నుంచినచో కాంతికిరణములు వంగి అంచులు రంగులుగా చెదరును. లెన్సును గాజునకు లంబముగా నిలుపవలెను. ఫ్లాషును కెమేరాపై గాక తొట్టిపైనుండి క్రిందికి వెలిగించినచో గాజుపై మెఱుపు తగ్గుటయే గాక, సరస్సులో వెలుగు వచ్చు దిక్కును అనుసరించినట్లగును. మూడు సెంటీమీటర్ల చేపను దగ్గరనుండి తీయునపుడు స్పష్టముగా పడు లోతు కొలది మిల్లీమీటర్లే. కాబట్టి లెన్సు ద్వారమును చిన్నదిచేసి, కంటిని గుఱిచేసుకొని, కాచుకొని కూర్చుండవలెను. చేపను కదలించి తెచ్చుట కాదు, చేప వచ్చువఱకు ఆగుట ఇందలి విద్య.

ఈ కొలతకు నిలిచిన పనియు కలదు. ఆడ్ కోనింగ్స్ రచించిన 'టాంగన్యీకా సిక్లిడ్స్ ఇన్ దెయిర్ నేచురల్ హేబిటాట్' అను గ్రంథము 1998లో వెలువడినది. గ్రంథకర్త స్వయముగా సరస్సులో మునిగి తీసిన చిత్రములు దానికి ప్రాణము. చేపలను పేర్లవరుసను గాక నివాసములనుబట్టి విభజించుట దాని గొప్పగుణము. రాతిచరియలలో నుండునవి వేఱు, ఇసుకనేల నుండునవి వేఱు, గుల్లల పఱుపుల నుండునవి వేఱు. చేపకు ముందు చోటును చూపవలెనను సూత్రమును ఈ గ్రంథము పాటించినది.

అయినను ఎంత మంచి చిత్రమునకైనను ఒక హద్దు కలదు: అది ఒక్క క్షణము. కాలిప్టెరస్ అను జాతిని చూడుడు. దీని మగచేప ఆడుచేపకంటె బరువున సగటున పండ్రెండు రెట్లకు పైగా నుండును. అది గుల్లలను నోట కఱచి తెచ్చి కుప్పవేయును. ఆడుచేపలు వానిలో చేరి గ్రుడ్లు పెట్టును. ఇదే జాతిలో మఱుగుజ్జు మగచేపలు కూడ గలవు. ఇవి ఆడుచేప ప్రక్కగా గుల్ల లోపలికి జొరబడును. గుల్లదగ్గర ఒక చిన్నచేప కనబడిన చిత్రమును చూచి అది ఆడుదా, పిల్లయా, మఱుగుజ్జు మగదా అని చెప్పుట ఎట్లు? అది చేసిన పనిని వరుసగా చూచినవాడే చెప్పగలడు.

1973లో నోబెల్ బహుమతి పొందిన కోన్రాడ్ లోరెంజ్, 1952లో ఇంగ్లీషున వెలువడిన 'కింగ్ సాలమన్స్ రింగ్' అను గ్రంథమున తన తొట్టిలోని ఒక సిక్లిడ్ తండ్రిని వర్ణించెను. నోట పురుగు నుంచుకొని నములుచున్న ఆ చేపకు దారితప్పిన పిల్ల కనబడగా, దానిని కూడ నోట కఱచెను. కొంతసేపు కదలక నిలిచి, రెండింటిని ఉమిసి, పురుగును తిని, తరువాత పిల్లను ఎత్తుకొని గూటికి పోయెను. ఈ సంఘటన సారమంతయు వరుసలోనే ఉన్నది. ఏ ఒక్క క్షణమును తీసినను అర్థము దొరకదు. ఆ గ్రంథమునకు లోరెంజ్ స్వయముగా గీచిన రేఖాచిత్రములే అలంకారము. రేఖాచిత్రము తాను చిత్రమునని ఒప్పుకొనును. ఛాయాచిత్రము తానే నిజమని నమ్మించును. అందువలన దానిని మఱింత జాగ్రత్తతో చదువవలెను.

ఇంటి తొట్టి విలువ ఇక్కడనే తెలియుచున్నది. సరస్సులో మునిగినవానికి గాలి ఉన్నంత సేపే సమయము. ఇంట తొట్టి ముందు కూర్చున్నవానికి సంవత్సరమంతయు సమయమే. అతడు పోటీకి ఒక్క అందమైన చిత్రమును తీయుటకంటె, ఒకే చోటినుండి ప్రతిదినము ఒకే వేళకు ఒక చిత్రము తీసి, తేదీ, నీటి ఉష్ణత, పి.హెచ్., గుల్లల సంఖ్య వ్రాసియుంచుట మేలు. చిత్రమున ఒక మూల సెంటీమీటర్ల కొలబద్ద యుండవలెను. ఇసుకగుంట ఏనాడు ఎంత లోతైనదో, పిల్లలు ఏనాడు గుల్ల బయటికి వచ్చినవో అట్టి వరుస చెప్పును. కఠినమైన బోరునీరు ఉన్న ఊళ్లలో ఈ చేపలకు నీరు కుదుర్చుట కొంత సులభమే. అయినను పరీక్షింపక పోయరాదు.

ఒక హెచ్చరిక అవసరము. పెంచలేక విసిగినవారు చేపలను మంజీరలోనో చెరువులోనో వదలరాదు. 1952లో తెచ్చిన తిలాపియా నేడు దేశమున అనేక జలాశయములలో స్థిరపడి, స్థానిక మత్స్యములకు పోటీయైనది. ఏ విదేశిచేప ఎచట నిలద్రొక్కుకొనునో వదలిన పిమ్మట తెలియుటవలన లాభము లేదు.

కాగా, ఛాయాచిత్రకారులను నిరుత్సాహపఱచుట నా అభిమతము కాదు. చేపతో పాటు ఇసుకను, గుల్లను, ఇరుగుపొరుగు చేపలను చూపుడు. వాడిన మాఱువస్తువులను పేర్కొనుడు. కొలతను, తేదీని వ్రాయుడు. ఈ మూడును ఉన్నచో సాధారణమైన కెమేరాతో తీసిన మసకచిత్రము కూడ తరగతి గోడపై నిలువదగును. ఇవి లేనిచో మిక్కిలి ఖరీదైన లెన్సుతో తీసినదియు గోడకు అలంకారమగునే గాని విద్యార్థికి ఆధారము కాజాలదు.