మిరప పిందెలో కోడు ఈగ

కోడు ఈగలు దోమ కన్నా చిన్నవి. సెసిడోమైడే కుటుంబానికి చెందిన వీటిలో 6,000కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. పిల్ల పురుగు చేరిన చోట మొక్క భాగం ఉబ్బి, దానికి గూడు, తిండి రెండూ అవుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టా వరి రైతుకు ఈ కుటుంబం ఉల్లికోడుగా పరిచయమే. పురుగు దిగిన పిలక మొవ్వ ఉల్లికాడలా గొట్టమవుతుంది. ఆ పిలక ఇక వెన్ను తీయదు.

గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో కనిపించేది ఆస్ఫాండీలియా ప్రజాతి ఈగ. దీనికి ఉల్లికోడుకున్నంత పేరు లేదు. తల్లి ఈగ సన్నని సూదిమొనతో మొగ్గను గుచ్చి గుడ్డు పెడుతుంది. పురుగు పెరిగే పిందె సాగదు. తొడిమ వైపు ఉబ్బి, పొట్టిగా, వంకరగా ఉండిపోతుంది. దాన్ని గోటితో చీల్చితే లోపల చిన్న గది, గది గోడలకు తెల్లటి బూజు కనిపిస్తాయి. అది కుళ్లు కాదు. ఈ ప్రజాతి ఈగలు సాధారణంగా గుడ్డుతోపాటు ఒక శిలీంధ్రం బీజాలనూ మొగ్గలో వదులుతాయి. శిలీంధ్రం పిందె కణజాలం మీద బతుకుతుంది, పురుగు శిలీంధ్రాన్ని తింటుంది. కీటకానికీ బూజుకూ కుదిరిన ఈ పొత్తు ఎంత చూసినా తనివి తీరనిది.

ప్యూపా తల మీది గట్టి కొమ్ములతో గోడ తొలిచి సగం బయటికి వస్తుంది. ఈగ ఎగిరిపోయాక ఖాళీ తొడుగు ఆ రంధ్రానికే అంటుకుని ఉంటుంది. తోటలో ఇదే నమ్మదగిన ఆనవాలు.

వంకర కాయ కనబడగానే తామర పురుగు మందు కొట్టేస్తుంటారు. 2021లో కొత్త జాతి తామర పురుగు తోటలను దెబ్బతీసిన తర్వాత ఆ భయం సహజమే. అయినా మందు కొనేముందు నాలుగు పిందెలు చీల్చి చూడాలి. గూట్లో ఉన్న పురుగుకు పైపై మందు అందడం కష్టం. పైగా గూట్లోకి గుడ్డు పెట్టి ఆ పురుగును చంపే పరాన్నజీవి కందిరీగలు మందుకు బలవుతాయి. ఉబ్బిన పిందెలను రంధ్రం పడకముందే ఏరి, గట్టున పోయకుండా పూడ్చేయడం మేలు. తొడుగు వేలాడుతున్న కాయను ఏరినా ఈగ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

నువ్వుల మొగ్గల్ని పాడుచేసే కోడు ఈగదీ, కానుగ పూమొగ్గల్ని గట్టి గుండ్లుగా మార్చేదానిదీ ఇదే ప్రజాతి. జాతులు మాత్రం వేరు. కానుగ ఆకుల మీది బుడిపెలు ఈగ పనే కాదు, నల్లి పని. మిరపను కాపాడాలని గట్టు మీది కానుగను నరికితే ఒరిగేదేమీ లేదు.