నైపుణ్యమా, అదృష్టమా? రమ్మీ తీర్పుపై ఒక గణిత విమర్శ

పేకాటను గూర్చిన వాదము తెలుగునాట పాతదే. వరంగల్లు ప్రాంతమున దీనిని పత్తాలాట అందురు. పేరేదైనను వాదమొక్కటే. "రమ్మీ తెలివితో ఆడు ఆట, జూదము కాదు" అని ఒకరందురు. "పైస ఒడ్డినచో ఏ ఆటయైనను జూదమే" అని మరియొకరందురు. ఆట క్లబ్బు బల్లమీదినుండి సెల్‌ఫోను తెరమీదికి వచ్చిన తరువాత ఈ వాదము హాస్టలు గదులకును, టీ దుకాణములకును ప్రాకినది. మొదటి పక్షమువారు తుదకు చూపు ఆధారము సుప్రీంకోర్టు తీర్పు ఒకటి. ఆ తీర్పు చెప్పినదేమి? శాస్త్రదృష్టితో చూచినప్పుడు అందులో నిలుచునదెంత? ఇది పరిశీలింపదగిన విషయము.

ఆ వ్యాజ్యము మన ప్రాంతమున పుట్టినదే. 1963 మే 4వ తేదీన సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడిచేసి, డబ్బు ఒడ్డి రమ్మీ ఆడుచున్న వారిని పట్టుకొనిరి. మోపిన నేరము నిజాం కాలమునాటి హైదరాబాదు జూద శాసనము క్రిందిది. అది 1305 ఫసలీ నాటి శాసనము. నిజాం రాజ్యములోని ఓరుగల్లుకును అదియే వర్తించెడిది. క్రింది న్యాయస్థానము శిక్ష విధించినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. రాష్ట్ర ప్రభుత్వము సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 1967లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు వ్రాసి ప్రభుత్వపు అప్పీలును త్రోసిపుచ్చిరి.

ఆ తీర్పులో రెండు భాగములు కలవు. మొదటిది అందరికిని తెలిసినది. మూడు ముక్కలాట వంటివి కేవలము అదృష్టముపై ఆధారపడినవి. రమ్మీ అట్టిది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏ ముక్కను నిలుపుకొనవలెనో, దేనిని పారవేయవలెనో యోచింపవలెను. కావున అందు నైపుణ్యమే ప్రధానమని న్యాయస్థానము తలచినది. రెండవ భాగము అంతగా ప్రచారములోనికి రాలేదు. ముక్కలకు, బల్లలకు క్లబ్బు తీసికొను స్వల్ప రుసుము నేరము కాదనియు, క్లబ్బు యజమాని ఒడ్డిన డబ్బునుండి లాభము గడించుచున్నట్లు రుజువైనచో మాత్రము నేరము నిలువవచ్చుననియు ఆ భాగము చెప్పుచున్నది.

మొదటి భాగమును తీసికొందము. అందలి పరిశీలన సరియైనదే. యాబదిరెండు ముక్కలనుండి పదమూడింటిని 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600 విధములుగ ఎన్నుకొనవచ్చును. ఏ చేయి వచ్చునో ఆటగాని వశమున లేదు. వచ్చిన చేతిని నడపుట అతని వశము. ఐతే, నైపుణ్యము ప్రధానమని చెప్పుటకు కొలబద్ద యేది? తీర్పున అది లేదు. నైపుణ్యము, అదృష్టము అనునవి తెలుపు నలుపులవలె రెండు జాతులు కావు. నీటిలో కరగిన ఉప్పువలె పాళ్ళలో ఉండునవి. పైగా ఆ పాళ్ళు ఆటను బట్టియే కాక, ఆడిన సంఖ్యను బట్టియు మారును.

ఒక ఉదాహరణము. రామయ్య, సోమయ్య అను ఇద్దరు ఆడుచున్నారనుకొందము. రామయ్య కొంత గట్టివాడు. అతడు గెలుచు అవకాశము నూటికి 55 పాళ్ళు. ఒక్క ఆటయే ఆడినచో సోమయ్య గెలుచుటకు నూటికి 45 పాళ్ళు అవకాశమున్నది. ఇక్కడ నైపుణ్యము కంటికి కనపడదు. నూరు ఆటలాడినచో రామయ్యదే పైచేయి యగుటకు అవకాశము సుమారు 82 పాళ్ళు. వేయి ఆటలాడినచో రామయ్య వెనుకబడు అవకాశము వేయింటిలో ఒకటికంటె తక్కువ. ఆట మారలేదు, ఆటగాండ్రు మారలేదు. ఒక్క ఆటలో అదృష్టమనిపించినది వేయి ఆటలలో నైపుణ్యమైనది. కావున "ఈ ఆట నైపుణ్యపు ఆటయా?" అని ఊరక ప్రశ్నించిన జవాబు రాదు. "ఎన్ని ఆటలలో?" అని కూడ అడుగవలెను.

మన పూర్వులకు ఈ సంగతి కొంత తట్టినట్లే యున్నది. భారతములోని అరణ్యపర్వమున నలుడు జూదమున సర్వమును పోగొట్టుకొనెను. తరువాత ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టు ఆకులను, కాయలను క్షణములో లెక్కగట్టి చూపి, అతనికి అక్షహృదయమను విద్య నేర్పెను. అది నేర్చి నలుడు మరల ఆడి గెలిచెను. లెక్కకును పాచికకును సంబంధమున్నదని ఆ కథ చెప్పుచున్నది.

ఇక రెండవ భాగము. నేటి కాలమునకు అసలు కీలకము ఇందే యున్నది. రామయ్య, సోమయ్య ఒక్కొక్క ఆటకు చెరి నూరు రూపాయలు ఒడ్డుదురనియు, ఆడించువాడు మొత్తమునుండి నూటికి పది చొప్పున కమీషను పట్టుకొనుననియు అనుకొందము. గెలిచినవానికి 180 రూపాయలు వచ్చును. నూరు ఆటలలో రామయ్య ఒడ్డినది 10,000. సగటున 55 ఆటలు గెలిచి తెచ్చుకొన్నది 9,900. గట్టి ఆటగాడై యుండియు నూరు రూపాయలు నష్టపోయినాడు! సోమయ్యకు 45 ఆటలకు వచ్చినది 8,100, నష్టము 1,900. ఇద్దరి నష్టము 2,000 రూపాయలు, ఒక్క పైసయు తగ్గకుండ, ఆడించువాని పెట్టెలో చేరినది. ఆ కమీషను తట్టుకొని నిలువవలెనన్న నూటికి 56 ఆటలు గెలువవలెను. అంతటి ఆధిక్యము తనకన్న బలహీనుని వెదకి ఆడినవానికే చిక్కును. ఆ బలహీనుని నష్టము అంతకంత పెరుగును.

ఇదియే ఈ వాదమున మరుగుపడిన సత్యము. రమ్మీలో నైపుణ్యమున్నది, నిజమే. కాని ఆ నైపుణ్యము ఆటగాండ్ర మధ్య నష్టమును పంచుటకే పనికివచ్చుచున్నది. నష్టమును తొలగించుటకు కాదు. "నైపుణ్యపు ఆట" యను ముద్ర చూపి "తెలివిగలవాడు సంపాదించును" అని చెప్పుట ఒక మెట్టు దాటించి చెప్పుటయే. 1967 నాటి తీర్పు ఆ మెట్టును మరువలేదు. యజమాని లాభమును గూర్చి హెచ్చరించినది. ఆ తీర్పును చేతబట్టుకొని వాదించువారు మాత్రము మొదటి పుటను చదివి చివరి పుటను మడిచిపెట్టుచున్నారు.

ఫోనులోని ఆట క్లబ్బులోని ఆట కాదన్నది మరియొక విషయము. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున కోడిపందెములు, పొట్టేళ్ళ పోరులు కలవు. ఆ కోళ్ళను, పొట్టేళ్ళను జనులు కన్నులార చూచిరి. క్లబ్బులోనైనను ముక్కలు కలుపు చేయి, ఎదుటివాని ముఖము కనపడుచుండెను. ఫోనులో ముక్కలను కలుపునది ఒక ప్రోగ్రాము. ఎదుట నున్నది మనిషియో యంత్రమో ఆటగానికి తెలియదు. క్లబ్బులో సాయంకాలమంతయు కొన్ని ఆటలే సాగును. తెరమీద ఒక ఆట ముగిసిన మరుక్షణమే మరియొకటి సిద్ధము. ఆటలు పెరిగిన కొలది సగటు లెక్క నిజమగును; కావున వేగము పెరుగుట కమీషను పుచ్చుకొనువానికే లాభము.

మనస్తత్వశాస్త్రము మరి రెండు సంగతులు చెప్పుచున్నది. ఎప్పుడు వచ్చునో తెలియని బహుమానమే అలవాటును అన్నింటికన్న గట్టిగ బిగించునని స్కిన్నర్ పావురములపై చేసిన ప్రయోగములు చూపినవి. లాటరీ చీటీని తామే ఎన్నుకొన్నవారు, చేతికిచ్చినది పుచ్చుకొన్నవారికన్న నాలుగు రెట్లకు పైగా ధర చెప్పి గాని దానిని వదులుకొనరని 1975లో ఎలెన్ లాంగర్ ప్రకటించిన పరిశోధన తెలిపినది. చీటీ ఎన్నుకొనుటలో నైపుణ్యమేమియు లేదు; ఐనను ఉన్నదను భ్రమ కలిగినది. నిజముగ కొంత నైపుణ్యమున్న రమ్మీలో ఈ భ్రమ ఇంకెంత బలపడునో ఊహింపవచ్చును. ఓడినవాడు "ఆట చెడ్డది" అనుకొనడు, "నేను తప్పు ముక్క వేసితిని" అనుకొని మరల కూర్చుండును.

శాసనములు ఈ విషయమున నెమ్మదిగ దారి మార్చుకొన్నవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము జూద చట్టమును సవరించి, నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తీసివేసి, డబ్బొడ్డి ఆడు ఆన్‌లైను రమ్మీని నిషేధించినది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టినది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్ర చట్టము ఇంకను స్పష్టముగ, నైపుణ్యమైనను అదృష్టమైనను, డబ్బు కట్టి డబ్బు గెలుతుమను ఆశతో ఆడునదంతయు ఒకే తరగతిలో చేర్చినది. ఆడినవారిని గాక, ఆడించువారిని శిక్షింప నిశ్చయించినది. వారికి మూడేండ్లవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ప్రశ్నను ఆటనుండి డబ్బు వైపునకు త్రిప్పుట గణితదృష్టితో సమంజసమే.

ఐతే ఈ చట్టమున ఒక కొరత లేకపోలేదు. కొలబద్ద లేదను లోపమును కొలబద్ద అక్కరలేదనుటతో సరిపుచ్చినది. కొద్దిపాటి రుసుముతో ఇద్దరిని ఆడించువానికిని, పందెములో పెద్ద వాటా మ్రింగువానికిని గల భేదము 1967 తీర్పునకు తెలియును. క్రొత్త చట్టమునకు తెలియదు. మరియు, విదేశములనుండి నడచు ఆటస్థలములను మూయుట ఒక్క శాసనముతో అగు పని కాదు. ఒక తలుపు మూసిన మరియొకటి తెరచుకొనును.

అందుచేత శాసనము చేయలేని పనిని చదువు చేయవలసియున్నది. ఇంటర్మీడియెటు విద్యార్థి సంభావ్యత నేర్చుకొనుచున్నాడు. సంచిలోని ఎర్రబంతులను, నల్లబంతులను లెక్కించుచున్నాడు. ఆ పాఠముననే రామయ్య సోమయ్యల లెక్కను కూడ చేయించినచో, పది నిముషముల పని. "నాకు ఆట బాగుగ వచ్చును" అను యువకునితో అతని తెలివిని గూర్చి తగవులాడనక్కరలేదు. "కమీషను ఎంత? దానిని దాటుటకు నూటికి ఎన్ని గెలువవలెను? నీవు గెలిచినవెన్ని?" అను మూడు ప్రశ్నలు కాగితముమీద వ్రాయించిన చాలును. మిగిలిన తీర్పు అతడే చెప్పుకొనును.