తూము ఎవరి చేతిలో ఉంది? - 'చిప్ వార్', 'ది న్యూ మ్యాప్' గ్రంథాలపై ఇబ్రహీంపట్నం నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

సాంకేతికత, ఇంధనం అనే రెండు వనరుల ఆధారంగా ప్రపంచాధికారం చేతులు మారుతున్న తీరును వివరించిన ఇటీవలి గ్రంథాల్లో క్రిస్ మిల్లర్ రాసిన 'చిప్ వార్' (2022), డేనియల్ యెర్గిన్ రాసిన 'ది న్యూ మ్యాప్' (2020) విస్తృతంగా చర్చకు వచ్చాయి. వీటి ప్రతిపాదనలను రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో, దాని పరిసరాల్లో జరుగుతున్న పరిణామాలతో సరిపోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కర్మాగారం తరలిరావడం వేరు, అధికారం తరలిరావడం వేరు అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: అర్ధవాహకాలు, అరుదైన మూలకాలు, ఇంధన రాజకీయాలు, కొంగరకలాన్, ఆదిభట్ల, సరఫరా గొలుసు.

1. ప్రవేశిక

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. చెరువు కింది సేద్యంలో నీరు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, తూము ఎవరి అధీనంలో ఉందన్నది మరొక ప్రశ్న. చెరువు నిండినా తూము తెరవకపోతే ఆయకట్టుకు నీరందదు. ప్రపంచ రాజకీయార్థిక శాస్త్రంలో ఇటీవల ప్రాచుర్యం పొందిన 'ఇరుకుదారి' అనే భావన సారాంశం ఇదే. వనరు ఎవరి దగ్గర ఎక్కువగా ఉందన్నదాని కంటే, దాని ప్రవాహాన్ని ఎవరు ఆపగలరన్నదే అధికారానికి అసలైన కొలమానం.

ఈ మండలంలోనే నేడు అంతర్జాతీయ పోటీకి సంబంధించిన రెండు ముఖ్య కేంద్రాలున్నాయి. ఒకటి కొంగరకలాన్‌లోని ఫాక్స్‌కాన్ అనుబంధ సంస్థ కర్మాగారం. దీనికి 2023 మే 15న శంకుస్థాపన జరిగింది. ఆపిల్ సంస్థ ఎయిర్‌పాడ్‌ల తయారీ ఇక్కడ సాగుతోంది. రెండవది ఆదిభట్లలోని వైమానిక పరిశ్రమల సముదాయం. ఇక్కడ టాటా-బోయింగ్ సంయుక్త సంస్థ కర్మాగారం 2018 మార్చి 1న ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ల ప్రధాన దేహభాగాలు ఇందులో తయారవుతాయి. సీ-130జే రవాణా విమానాల తోకభాగాలు కూడా టాటా-లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ ద్వారా ఆదిభట్లలోనే తయారవుతున్నాయి. 'అధికారం తూర్పుకు మళ్లుతోంది' అనే వాదానికి ఇంతకంటే అనువైన ఉదాహరణలు అరుదు. అందుకే ఆ వాదాన్ని ఇక్కడే పరీక్షించడం సమంజసం.

2. 'చిప్ వార్' - బలం, పరిమితి

మిల్లర్ గ్రంథం చరిత్ర రచనగా పటిష్ఠమైనది. ఇరవయ్యో శతాబ్దంలో చమురుకు ఉన్న స్థానం నేడు అర్ధవాహకాలకు దక్కిందన్నది ఆయన మూలవాదం. చమురు దిగుమతుల కంటే చిప్‌ల దిగుమతులకే చైనా ఎక్కువగా వెచ్చిస్తున్నదన్న అంశం ఆ వాదానికి ప్రబలమైన ఆధారం. చిప్‌లను నకలు చేయడం ద్వారా అమెరికాను అందుకోవాలన్న సోవియట్ వ్యూహం ఎందుకు విఫలమైందో ఆయన విశదంగా చూపారు. 1987లో స్థాపితమైన తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ, అత్యాధునిక ముద్రణ యంత్రాలను తయారుచేసే ఏకైక సంస్థ అయిన నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్‌ఎంఎల్, ఈ రెండూ లేకుండా ఏ అగ్రరాజ్యమూ ముందుకు సాగలేని స్థితిని ఆయన నిరూపించారు. గ్రంథం వెలువడిన 2022 అక్టోబరులోనే, 7వ తేదీన, చైనాకు అధునాతన చిప్‌ల ఎగుమతిపై అమెరికా విస్తృత ఆంక్షలు ప్రకటించడం ఆ విశ్లేషణకు సమకాలీన సాక్ష్యంగా నిలిచింది.

అయితే మిల్లర్ చూపు ప్రధానంగా రూపకల్పన, యంత్రసామగ్రి, తయారీ అనే మూడు అంచెలపై నిలిచింది. వాటికి ముందున్న ఖనిజం, వాటితో పాటు కావలసిన విద్యుత్తు గ్రంథంలో కేంద్రస్థానం పొందలేదు. 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జెర్మేనియం ఎగుమతులపై చైనా నియంత్రణలు విధించింది. 2025 ఏప్రిల్ 4న సమారియం, డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు అరుదైన మూలకాలకు అనుమతి విధానాన్ని వర్తింపజేసింది. అమెరికా చేతిలో ఒక తూము ఉంటే, చైనా చేతిలో మరొకటి ఉందని ఈ చర్యలు స్పష్టం చేశాయి.

ఈ రెండవ తూము ప్రభావం కొంగరకలాన్‌ను తాకింది. డిస్ప్రోసియం కొరత వల్ల అక్కడి ఎయిర్‌పాడ్‌ల ఉత్పత్తికి కొంత అంతరాయం కలిగిందని 2025 జూలైలో పత్రికలు వెల్లడించాయి. చిన్న శబ్దపేటికలో కూడా శక్తిమంతమైన నియోడైమియం అయస్కాంతం అవసరం. అధిక ఉష్ణోగ్రతలో ఆ అయస్కాంతం తన గుణాన్ని కోల్పోకుండా డిస్ప్రోసియం కాపాడుతుంది. కావలసింది స్వల్ప పరిమాణమే, కాని అది లేనిదే పని సాగదు. చైనాపై ఆధారపడటాన్ని తగ్గించుకోవడానికి నెలకొల్పిన కర్మాగారం, ముడిపదార్థం కోసం చైనా అనుమతిపైనే ఆధారపడవలసి రావడం మిల్లర్ విశ్లేషణకు అందని వైరుధ్యం.

3. ఆదిభట్ల ఉదాహరణ - తయారీకి, నిర్ణయానికి మధ్య దూరం

రక్షణరంగంలో ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. భారత సైన్యం ఆరు అపాచీ హెలికాప్టర్ల కోసం 2020లో ఒప్పందం చేసుకుంది. సైన్యానికి ఉద్దేశించిన తొలి దేహభాగాన్ని హైదరాబాద్ కర్మాగారం 2023లోనే అందజేసింది. తుది కూర్పు మాత్రం అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మెసాలో జరుగుతుంది. 2024లో రావలసిన తొలి మూడు హెలికాప్టర్లు 2025 జూలైలో గాని దేశానికి చేరలేదు. దేహం ఇక్కడిదే అయినా, అది ఎప్పుడు ఎగరాలో నిర్ణయించే గడియారం ఇక్కడ లేదు.

ఆదిభట్ల సాధించిన నైపుణ్యం తక్కువది కాదు. సూక్ష్మ ప్రమాణాలతో వేలాది భాగాలను కూర్చగల సామర్థ్యం ఒక తరం ఇంజనీర్లకు, సాంకేతిక నిపుణులకు అలవడింది. అది విలువైన మూలధనం. కాని నైపుణ్యం అధికారంగా మారాలంటే రూపకల్పన హక్కు, ఇంజన్ పరిజ్ఞానం, ఎగుమతి అనుమతి, వీటిలో ఏదో ఒకటైనా స్థానికంగా ఉండాలి. ఎగుమతి గణాంకాలను మాత్రమే ప్రామాణికంగా తీసుకునే పరిశోధనలు ఈ భేదాన్ని విస్మరిస్తున్నాయి.

4. 'ది న్యూ మ్యాప్' - ఇంధన పటంలో కనిపించని ప్రాంతాలు

యెర్గిన్ గ్రంథం అమెరికా, రష్యా, చైనా, మధ్యప్రాచ్యాలకు విడివిడిగా పటాలు గీసి, ఆపై విద్యుత్ వాహనాలను, వాతావరణ మార్పును చర్చిస్తుంది. షేల్ విప్లవం అమెరికాను అగ్రశ్రేణి చమురు, వాయు ఉత్పత్తిదారుగా మార్చిన క్రమాన్ని ఆయన వివరించిన తీరు ప్రామాణికమైనది. కాని చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే భారతదేశానికి అందులో ప్రత్యేక విభాగం లేదు. ఉత్పత్తిదారుల దృష్టితో గీసిన పటంలో కొనుగోలుదారు అంచుకే పరిమితమవుతాడు.

2022 తరువాతి పరిణామాలు ఆ అంచుకు ప్రాధాన్యం తెచ్చాయి. ఉక్రెయిన్ యుద్ధానంతరం భారతదేశం రష్యా చమురును పెద్ద ఎత్తున కొనుగోలు చేసింది. దానికి ప్రతిగా అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి భారత వస్తువులపై అదనంగా 25 శాతం సుంకం విధించి, మొత్తాన్ని 50 శాతానికి చేర్చింది. అదే సమయంలో స్మార్ట్‌ఫోన్ల వంటి ఎలక్ట్రానిక్ వస్తువులను మినహాయించింది. చమురు కొనుగోలుకు శిక్ష పడింది వస్త్రాలపై, రొయ్యలపై. ఆంధ్రప్రదేశ్ తీరంలోని రొయ్యల రైతు రష్యా చమురుకు మూల్యం చెల్లించగా, అమెరికా సంస్థలకు అవసరమైన ఎలక్ట్రానిక్ ఉత్పత్తులు క్షేమంగా ఉన్నాయి. ఇంధనం, సాంకేతికత అనే రెండు రంగాలను వేర్వేరు గ్రంథాల్లో చదివితే ఈ సంబంధం బోధపడదు.

విద్యుత్తు విషయంలోనూ ఇదే లోపం ఉంది. రంగారెడ్డి జిల్లాలోని చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట వంటి చోట్ల డేటా కేంద్రాలకు అమెజాన్ 2020లో రూ. 20,761 కోట్ల పెట్టుబడి ప్రకటించింది. 2022 నవంబరులో హైదరాబాద్ ప్రాంతీయ సేవలు ప్రారంభమయ్యాయి. కృత్రిమ మేధకు రాత్రింబవళ్లు ఆగని విద్యుత్తు కావాలి. తెలంగాణ విద్యుదుత్పత్తిలో ఇప్పటికీ బొగ్గుదే ప్రధాన వాటా. అంటే కాలిఫోర్నియాకు, బీజింగ్‌కు మధ్య సాగుతున్న మేధో పోటీకి సింగరేణి కార్మికుని శ్రమకు సంబంధం ఉంది. సౌరశక్తికి మారినా ఫలకాల తయారీ గొలుసులో 80 శాతానికి పైగా చైనాదే. చమురుపై ఆధారం తగ్గితే స్వాతంత్ర్యం తనంత తానే రాదు, తూము మాత్రమే మారుతుంది.

5. తీరంలోని ఖనిజం - అవకాశం, హద్దు

శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు ఉన్న తీరప్రాంత ఇసుకలో మోనజైట్ నిక్షేపాలున్నాయి. వాటిలో నియోడైమియం లభిస్తుంది గాని డిస్ప్రోసియం అత్యల్పం. సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం విశాఖపట్నంలో 2023 మే 11న జాతికి అంకితమైంది. అరుదైన మూలకాల అయస్కాంతాల తయారీకి కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో రూ. 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఇవి సరైన దిశలో వేసిన అడుగులే. అయితే ఇసుక తవ్వడం వల్ల అధికారం రాదు. ఖనిజాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, లోహంగా, అయస్కాంతంగా మలచగల అంచెలన్నీ ఒకచోట నిలిచినప్పుడే తూము కట్టినట్టు. మత్స్యకార గ్రామాలు, తీర పర్యావరణం చెల్లించే మూల్యాన్ని ఆ లెక్కలో కలపకపోతే, ప్రపంచ స్థాయిలో ఖండించే అసమానతనే స్థానికంగా పునరుత్పత్తి చేసినట్లవుతుంది.

6. ముగింపు

మిల్లర్, యెర్గిన్ గ్రంథాలు అగ్రరాజ్యాల దృక్కోణంలో అవసరమైన పఠనాలు. ఒకటి చిప్‌ను, మరొకటి చమురును కేంద్రంగా చేసుకోవడం వల్ల రెండింటి కలయికలో నలిగే ప్రాంతాలు వాటిలో విశ్లేషణాంశాలు కాలేకపోయాయి. ఇబ్రహీంపట్నం అనుభవం ఆ లోటును పూరించే కొలమానాన్ని సూచిస్తుంది. ఒక ప్రాంతానికి పరిశ్రమ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. రూపకల్పన ఎవరిది? ప్రవాహాన్ని ఆపగల శక్తి ఎవరిది? భూమి, నీరు, విద్యుత్తు ఎవరివి? మూడవ ప్రశ్నకు మాత్రమే 'ఇక్కడివి' అని జవాబు వస్తున్నంత కాలం, మారింది కర్మాగారాల చిరునామాయే గాని అధికార కేంద్రం కాదు. పెట్టుబడుల మొత్తాన్ని, ఉద్యోగాల సంఖ్యను లెక్కించడానికే పరిమితం కాకుండా, మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు ఎప్పుడు, ఎలా మారుతున్నాయో నమోదు చేయడం తెలుగు ప్రాంత పరిశోధకుల ముందున్న కర్తవ్యం.