మా ఊరి బోర్లూ, షూమాకర్ పుస్తకమూ

ఇంజనీరింగ్‌లో మాకు పర్యావరణం మీద ఒక పేపరుండేది. అందులో దాదాపు ప్రతి ఏడాదీ వచ్చే ప్రశ్న ఒకటి: సుస్థిర మానవాభివృద్ధిలో సైన్సు, టెక్నాలజీల పాత్ర వివరింపుము. పరీక్షకి ముందురోజు రాత్రి హాస్టల్లో పది పాయింట్లు బట్టీపట్టి రాసేశాను. అందులో ఒక పాయింటు 'షూమాకర్ - స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్'. పుస్తకం చూసింది లేదు, పేరు రాస్తే ఒక మార్కు వస్తుందంతే.

పదేళ్ల తర్వాత బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల కొట్లో ఆ పుస్తకం కనిపించింది. పేజీలు పచ్చబడిన పేపర్‌బ్యాక్. ఒక మార్కు బాకీ ఉన్నట్టనిపించి కొన్నాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు అంతా నిజమేననిపించింది. రెండోసారి అనంతపురం జిల్లాలోని మా ఊళ్లో కూచుని చదివాను, అప్పుడు ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ వ్యాసం ఆ పేజీ గురించే.

ముందు రచయిత సంగతి. షూమాకర్ జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆర్థికవేత్త. 1950 నుంచి 1970 దాకా బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డుకి ఆర్థిక సలహాదారు. మధ్యలో 1955లో బర్మా ప్రభుత్వానికి సలహా ఇవ్వడానికి వెళ్లి, అక్కడి జీవితం చూసి తను చదువుకున్న అర్థశాస్త్రాన్నే అనుమానించడం మొదలుపెట్టాడు. 1973లో వచ్చిన ఈ పుస్తకం వేర్వేరు సందర్భాల్లో రాసిన వ్యాసాలూ ప్రసంగాలూ కలిపి కుట్టినది. అందుకే చెప్పిందే చెప్పడం కొంత ఉంది. అయినా విసుగు పుట్టదు, ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టు రాస్తాడు.

మొదటి అధ్యాయం ఉత్పత్తి సమస్య గురించి. పారిశ్రామిక సమాజం తన మూలధనాన్ని ఆదాయం అనుకుని ఖర్చుపెడుతోందన్నది ఇందులోని వాదన. బొగ్గు, చమురు మనం తయారుచేసినవి కావు, అయిపోతే మళ్లీ పుట్టవు. అయినా లెక్కల్లో వాటిని రోజువారీ రాబడిలాగే రాసుకుంటున్నాం. ఏ వ్యాపారి అయినా ఇలా లెక్క రాస్తే దివాలా తీశాడంటాం, దేశాలు రాస్తే అభివృద్ధి అంటాం. ఈ మాట బొగ్గు బోర్డులో ఉద్యోగం చేసిన మనిషి నుంచి రావడంలో ఒక బరువుంది.

ఇది చదువుతుంటే నాకు గుర్తొచ్చింది బొగ్గు కాదు, నీళ్లు. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకి అటూఇటూగా వాన పడుతుంది. కింద గట్టి రాయి. పైన శిథిలమైన రాతిపొరలో, దాని కింద రాతి పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. పై పొరలోది దాదాపు ఏటేటా వచ్చే జీతం లాంటిది. లోతు పగుళ్లలోది ముత్తాతలు దాచిపెట్టిన సొమ్ము. మా తాత బావి నలభై అడుగులు. దాన్నుంచి కపిలతో తోడేవాడు. మా నాయన అదే చేలో ఏడు బోర్లు వేయించాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాళ్లొచ్చారు, మిషన్లు పట్టుకుని చూసేవాళ్లూ వచ్చారు. మొదటి బోరుకి నూట ఎనభై అడుగుల్లో రెండించుల నీళ్లు పడ్డాయి. ఆ రోజు మా ఇంట్లో పండగ. ఏడోది ఆరువందల అడుగులు దింపితే తెల్లటి దుమ్ము లేచింది. బోరుబండివాళ్లు పైపులు విప్పుకుంటుంటే మా నాయన గట్టు మీద కూచుని ఆ దుమ్ములో చెయ్యిపెట్టి చూస్తూ ఉన్నాడు, తడి తగులుతుందేమోనని.

ఇక్కడిదాకా షూమాకర్‌తో పేచీ లేదు. పేచీ రెండో అధ్యాయంలో మొదలవుతుంది.

అందులో ఆయన శాస్త్రవేత్తల నుంచీ సాంకేతిక నిపుణుల నుంచీ మనకి కావలసిన పరికరాలకి మూడు లక్షణాలు చెప్తాడు. దాదాపు అందరికీ అందుబాటులో ఉండే ఖరీదు, చిన్న ఎత్తున వాడుకునే వీలు, మనిషిలోని సృజనకి చోటు. సరే, మా బోరు మోటారుని ఈ మూడింటితో తూచి చూశాను. ఖరీదు: అప్పుచేసైనా సన్నకారు రైతు కొనగలిగాడు, కాబట్టే ఊరంతా బోర్లయ్యాయి. చిన్న ఎత్తు: ఒక రైతు, ఒక మడి, ఒక మోటారు. పెద్ద డ్యాము కాదు, కాలువ కోసం ఎవరి కాళ్లూ పట్టుకునే పని లేదు. సృజన: మా ఊరి మెకానిక్కు ఏడో తరగతితో చదువు ఆపేశాడు, కాలిన మోటారుకి వైండింగు చుట్టడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. మూడింటికి మూడు. పరీక్ష రాస్తే మా బోరు ఫస్ట్ క్లాసులో పాసయ్యేది.

నేను ఆగిపోయానన్న పేజీ ఆ పక్కనే ఉంది. చిన్న ఎత్తున జరిగే పనులు ఎన్ని ఉన్నా సరే, పెద్దవాటికంటే ప్రకృతికి తక్కువ హాని చేస్తాయని అక్కడ షూమాకర్ అంటాడు. ఒక్కొక్కదాని బలం చిన్నది కాబట్టి ప్రకృతి కోలుకోగలదట. 'ఎన్ని ఉన్నా సరే' అన్నది నేను కలిపిన మాట కాదు, ఆయన వాదనలో ఉన్నదే. మా ఊరు ఈ మాటకి జవాబు. ప్రపంచంలో భూగర్భజలం అందరికంటే ఎక్కువ తోడేది భారతదేశమే, మొత్తం వాడకంలో దాదాపు నాలుగోవంతు మనదే. అందులో సింహభాగం తోడుతున్నవి ఏ పెద్ద కంపెనీవో, ప్రభుత్వానివో కావు. కోట్ల సంఖ్యలో ఉన్న చిన్న చిన్న సొంత మోటార్లు. తుషార్ షా 2009లో రాసిన 'టేమింగ్ ది అనార్కీ' పుస్తకమంతా ఈ కథే. చిన్నవాటి కూడిక చిన్నది కాదని చెప్పడానికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు.

అయితే తప్పు రైతుదా? అలా రాసేవాళ్లు బెంగళూరులో కూచుని ట్యాంకర్ నీళ్లతో స్నానం చేస్తూ రాస్తుంటారు, నాతో సహా. ఎన్టీఆర్ హయాంలో మోటార్లకి మీటర్లు పోయి హార్స్‌పవర్ లెక్కన బిల్లు వచ్చింది. 2004 నుంచి ఉచిత విద్యుత్తు వచ్చింది. రెండూ ఎండిన జిల్లాల రైతుకి ఊపిరి పోసినవే, కాదనను. కానీ మీటరుతో పాటు ఒక సంఖ్య కూడా పోయింది: ఎంత తోడావు అని చెప్పే సంఖ్య. మా తాత కపిల తోలేటప్పుడు నీళ్లు దిగితే తాడు పొడుగు చేసుకోవాల్సి వచ్చేది. ఎద్దులు అలిసిపోతే ఆ రోజుకి పని అయిపోయినట్టే. అంటే ఆ పరికరమే లెక్క చెప్పేది, హద్దూ పెట్టేది. సబ్‌మెర్సిబుల్ మోటారు ఏమీ చెప్పదు. పైపులో నీళ్లకి బదులు గాలి వచ్చిన రోజున ఒకేసారి చెప్తుంది.

ఇప్పుడు నా సంగతి. చదువయ్యాక నేను చేసిన మొదటి ఉద్యోగం మోటారు స్టార్టర్లకి సిమ్ కార్డు పెట్టే ఒక చిన్న కంపెనీలో. రైతు ఇంటి దగ్గర్నుంచే ఫోన్ చేస్తే చేలో మోటారు ఆన్ అవుతుంది. అర్ధరాత్రి కరెంటొస్తే పాములూ పురుగుల్లో నడిచి వెళ్లక్కర్లేదు. చీకట్లో స్టార్టరు ముట్టుకుని షాక్ కొట్టి పోయినవాళ్లు నాకు తెలుసు, అందుకే ఆ పని గర్వంగా చేశాను. సర్వర్ కోడ్ నాది. ప్రతి మోటారూ ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆఫ్ అయిందీ, ఎప్పుడు నీళ్లందక డ్రై రన్‌లో ఆగిందీ అన్నీ ఒక టేబుల్లో పడేవి. వేలాది మోటార్ల రోజువారీ గంటలు. వాటిని మేం బగ్గులు పట్టుకోవడానికి వాడుకున్నాం, ఆర్నెల్లకోసారి పాతవి తుడిచేశాం. ఏ ఊళ్లో డ్రై రన్‌లు నెలనెలా పెరుగుతున్నాయో ఆ టేబుల్ని ఒక్క ప్రశ్న అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు. కోడ్ రాసిన నేనూ అడగలేదు. మా డెమోలో ఉన్న నంబర్లలో ఒకటి మా నాయనది.

'సమర్థత పెరిగితే చాలు' అనే వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. డ్రిప్పు వేస్తే నీళ్లు మిగులుతాయి, నిజమే. మిగిలిన నీళ్లతో మా ఊళ్లో ఇంకో ఎకరా చీనీచెట్లు పెట్టారు. బొగ్గు విషయంలో ఇదే సంగతిని జెవన్స్ అనే ఆయన 1865లోనే రాశాడు: మెరుగైన ఆవిరియంత్రం బొగ్గు వాడకాన్ని తగ్గించదు, పెంచుతుంది.

మరి షూమాకర్‌ని పక్కన పెట్టేయాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. నేను పేచీ పెట్టుకున్న వాక్యం పక్కనే ఇంకో మాటుంది. మనిషి జ్ఞానం కొంచెమే, అదీ అతుకుల బొంత, అందుకైనా చిన్నగా ఉండటంలో వివేకముందంటాడు. అంటే ఆయన అసలు భయం సైజు గురించి కాదు, తెలియకపోవడం గురించి. అభివృద్ధి మీద రాసిన మూడో భాగంలో దీన్ని ఇంకా స్పష్టంగా చెప్తాడు: పేద దేశాలకి ఇవ్వగలిగిన సాయాల్లో గొప్పది యంత్రమో డబ్బో కాదు, పనికొచ్చే జ్ఞానం. పుస్తకం పేరు ఈ భాగం మీంచి పుట్టి ఉంటే బాగుండేది. 'చిన్నది' అనే మాట నినాదమైపోయింది, 'తెలుసుకోవడం' అనే మాట లోపల పేజీల్లో ఉండిపోయింది.

దీనికి ఉదాహరణ ఆయన పోయాక మన దగ్గరే దొరికింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల యాజమాన్యం అనే ప్రాజెక్టు నడిచింది, ఎఫ్.ఏ.ఓ. సాయంతో. అందులో బోర్లు వెయ్యలేదు, మోటార్లు పంచలేదు. వానమాపకం పెట్టి, బోర్లలో నీటిమట్టం ఎలా కొలవాలో రైతులకి నేర్పారు. ఆడవాళ్లూ కొలిచారు. ఖరీఫ్ అయ్యాక అందరూ కూచుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు: ఎంత ఇంకింది, ఎంత ఉంది, రబీలో ఏ పంటకి ఎంత కావాలి. చట్టం భయం లేదు, ఫలానా పంట వెయ్యకూడదనే నిషేధం లేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించుకున్నారు. ఇదంతా స్వర్గమని చెప్పను. ప్రాజెక్టు వెళ్లిపోయాక చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయని తర్వాత వెళ్లి చూసినవాళ్లు రాశారు. జ్ఞానం కూడా మోటారు లాంటిదే, నడిపే మనిషీ నడవడానికి ఖర్చూ ఉండాలి.

పుస్తకంలో నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. బౌద్ధ అర్థశాస్త్రం మీది ప్రసిద్ధ వ్యాసంలో, ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఆఫీసులకీ ఫ్యాక్టరీలకీ వెళ్లడం ఆర్థిక వైఫల్యానికి గుర్తు అంటాడు. మా అమ్మ వేరుశనగ చేలో పడ్డ చాకిరీ చూసినవాణ్ణి, నాకది మింగుడు పడలేదు. పల్లెని దూరం నుంచి చూసే ప్రేమ అది.

అయినా చదవమనే చెప్తాను, ముఖ్యంగా నాలాంటి పని చేసేవాళ్లకి. మొదటి రెండు అధ్యాయాలూ, మూడో భాగమూ. చదువుతూ ఒక్క ప్రశ్న మార్చుకోండి: ఈ పరికరం చిన్నదా పెద్దదా అని కాకుండా, వాడేవాడికి తను ఏం ఖర్చుపెడుతున్నాడో ఇది చూపిస్తుందా లేదా అని. ఎనిమిదేళ్ల కింద నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే ఆ టేబుల్‌ని అలా తుడిచేసేవాణ్ణి కాదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు టేపుకి బరువు కట్టి మా మూడో బోర్లోకి వదిలాను. మోటారు తీసేసి నాలుగేళ్లయింది. నూట నలభై రెండు అడుగుల దగ్గర తడి తగిలింది. మా నాయన పక్కనే నిలబడి చూశాడు. "కొలిస్తే నీళ్లొస్తాయా?" అన్నాడు. రావన్నాను. బెంగళూరు వచ్చిన నెలకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండానే, "నూట నలభై ఎనిమిది" అన్నాడు.