సిలువ మోయుట – సిలువ మోపుట

కష్టమును ఓర్చుకొనుట గొప్ప గుణమని అన్ని మతములును బోధించుచున్నవి. మన ఇండ్లలో దానిని నుదుటివ్రాత యందురు. క్రైస్తవుల ఇండ్లలో దేవుడిచ్చిన సిలువ యందురు. ఆ మాటయే ఒకప్పుడు ఓదార్పుగా వినబడును. మరియొకప్పుడు ఎదుటివాని నోరు మూయించుటకు పనికివచ్చును. ఈ రెంటికిని గల భేదమేమి? మన తెలుగు కవులలో ఈ ప్రశ్నను లోతుగా ఎదుర్కొన్నవాడు గుఱ్ఱం జాషువ అని మా అభిప్రాయము. ఈ సంచికను చదువువారిలో క్రైస్తవులు కొద్దిమందియే కావచ్చును. కాని కష్టము అందరిదియు గనుక ఈ విచారమును అందరిదియే.

జాషువ కవి 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించి, 1971లో కీర్తిశేషుడయ్యెను. కులము పేరిట జరిగిన అవమానములను చిన్ననాటినుండియు అనుభవించెను. 1941లో ఆయన 'గబ్బిలము' వెలువడినది. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మొదటిది తిరుగుబాటు కావ్యమనియు, రెండవది భక్తి కావ్యమనియు విడదీసి చెప్పుట వాడుకయైనది. ఈ విభజన మాకు సరిగా తోచదు. రెండును ఒకే ప్రశ్నకు రెండు వైపులు.

కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘముచేత కబురంపెను. జాషువ కావ్యములోని నిరుపేద అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత తన మొర పంపుకొనెను. గుడిలో తలక్రిందులుగా వ్రేలాడు గబ్బిలమునకు ప్రవేశము కలదు, మనుష్యునికి లేదు. ఇందలి ఎత్తిపొడుపు అందరికిని తెలిసినదే. కాని ఇందలి విశ్వాసమును గమనించినవారు తక్కువ. దేవుడు వినునన్న నమ్మకము లేనివాడు దేవునికి కబురంపడు. కావున ఆ పేదవాని ఫిర్యాదు భక్తికి విరోధము కాదు. భక్తియే అతనిచేత ఫిర్యాదు చేయించినది. గోలకొండ చెరసాలలో భద్రాచల రామదాసు రాముని నిందించిన కీర్తనలను మనము భక్తితోనే పాడుకొనుచున్నాము గదా!

ఇక సిలువ మాట. 'గబ్బిలము'లో అవమానమును ఒప్పుకొనని కవియే, సిలువను ఒప్పుకొనిన యేసు చరిత్రమును పద్యములలో వ్రాసెను. ఇది పరస్పర విరుద్ధమా? కాదు. క్రీస్తు సిలువ ఆయన పరులకొరకు తానై ఎత్తుకొనినది. పేదవాని అంటరానితనము పరులు తమకొరకు వానిపై మోపినది. మొదటిది త్యాగము, రెండవది అన్యాయము. బరువు ఒక్కటియే కావచ్చును. మోయుట వేరు, మోపుట వేరు.

సువార్తలును ఈ భేదమునే చూపుచున్నవి. గెత్సేమనే తోటలో యేసు కష్టమును కోరుకొనలేదు. వీలైనచో అది తప్పిపోవలెనని ముందు ప్రార్థించి, పిదప తండ్రి చిత్తమునకు లోబడెను. తనయొద్దకు వచ్చిన రోగులను రోగమును భరింపుడని పంపివేయలేదు, స్వస్థపరచెను. పొలమునుండి వచ్చుచున్న కురేనీయుడైన సీమోనుచేత బలవంతముగా సిలువ మోయించినవారు రోమా సైనికులు, దేవుడు కాడు. పొలము కోసిన పనివారి కూలి ఎగవేసిన ధనికులను యాకోబు తన పత్రిక 5వ అధ్యాయమున గట్టిగా నిందించెను. ఆ పనివారి మొర దేవుని చెవిని బడినదనెను.

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడై, మన రాగతాళములతోనే కీర్తనలు కట్టెను. ఇట్టి కీర్తనలలో విశేషమేమనగా, పాడువాడు తన్ను గూర్చి తానే చెప్పుకొనును. నా పాపము, నా బాధ, నా ఆశ్రయము అనును. అది వ్యాకరణమున ఉత్తమపురుష. ఆ కీర్తనకు గల బలమంతయు అందే యున్నది. దానినే మధ్యమపురుషకు మార్చి, 'నీ బాధ దేవుడిచ్చినది, నీవు భరింపుము' అని ఎదుటివానితో చెప్పినచో, అమృతమువంటి మాట విషమగును. కష్టమును అంగీకరించుట గూర్చిన మాటకు హక్కుదారుడు కష్టపడువాడొక్కడే. ఉపన్యాసములలోను, మన ఇండ్లలోను ఈ పురుషభేదము తరచుగా మరువబడుచున్నదని మా విమర్శ.

మనమున్న మరాఠీ నేలపైనను దీనికి మంచి ఉదాహరణము కలదు. నారాయణ వామన్ టిలక్ కవి 1895లో క్రైస్తవము స్వీకరింపగా, ఆయన భార్య లక్ష్మీబాయి కొన్నేండ్లు వేరుగా బాధలుపడి, 1900లో తానును ఆ మతమును స్వీకరించెను. ఆమె తన 'స్మృతిచిత్రే' గ్రంథమున ఆ కష్టములను నవ్వుచునే చెప్పుకొనెను. అది ఆమె పడిన కష్టము గనుక నవ్వుటకు ఆమెకు హక్కు గలదు. అదే కష్టమును చూచి ఇరుగుపొరుగువారు నవ్వినచో మనము సహింతుమా?

ఒక ఆక్షేపణ రావచ్చును. కష్టమును ఎదిరింపుమని చెప్పుచు పోయినచో, ఎదిరింపరాని కష్టము వచ్చినవానికి దిక్కేది? బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి ఏ ఫిర్యాదు పనికివచ్చును? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. మరణమునకును, కుదురని రోగమునకును మందు లేదు. అట్టిచోట తన దుఃఖమును దేవుని చేతిలో పెట్టి లేచి నిలువగలవారిని చూచినపుడు, ఏ మతమువారమైనను తలవంచవలసినదే. కాని తీర్చదగిన కష్టమును ఈ జాబితాలో చేర్చరాదు.

మన భివండిలో ఈ భేదము పుస్తకములకు పరిమితమైనది కాదు. సాంచాల యొద్ద 12 గంటల పాళి నిలిచి, నూలు దుమ్ము పీల్చి దగ్గువాడు 'ఇది నా సిలువ' యనినచో, అతని ధైర్యమునకు నమస్కరింపవలెను. ఆ మాటనే సాంచాల యజమాని యనినచో, గాలి రాని కిటికీని ముందు తెరువుమని చెప్పవలెను. మన పద్మనగర్ కుటుంబములలో సాంచా నడుపువారును, సాంచాలు గలవారును బంధువులే గనుక, ఈ మాట ఇతరులను ఉద్దేశించినది కాదు.

కావున 'గబ్బిలము'ను, 'క్రీస్తు చరిత్ర'ను ఒకదాని వెంట ఒకటి చదువుడని పాఠకులను కోరుచున్నాము. తెలుగు లిపి రాని పిల్లలకు పెద్దలు చదివి వినిపింపవలెను. పడుగు లేని పేకయు, పేక లేని పడుగును గుడ్డ కానేరవు. ఓర్పు బోధించు గ్రంథమును, న్యాయమడుగు గ్రంథమును ఒకే చేతినుండి వెలువడుట మన భాషకు కలిగిన భాగ్యము. ఆ రెంటిని విడదీయకుండుటయే ఆ కవికి మనము చేయదగిన గౌరవము.